న్యూట్రాను ఛాయాచిత్రములు: వాని మసకను పోగొట్టు ఉపాయములు

కొన్ని సంవత్సరముల క్రిందట మా వసతిగృహమునందలి విద్యార్థి యొకడు చింతచెట్టు మీదనుండి జారిపడి మణికట్టు నొప్పిచేసికొనెను. మేము వానిని వెంటనే వైద్యాలయమునకు తీసికొనిపోతిమి. అచ్చట ఎక్సురే పటము తీసిరి. బాధచే వాడు చేయి కదలించుటవలన పటము మసకగా వచ్చెను. అయినను దానినే చూచి, ఎముకకు దెబ్బ లేదని చెప్పి, కట్టు కట్టి పంపివేసిరి. నాలుగు దినములైనను వాపు తగ్గలేదు. వాని తండ్రి మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, పటములో ఏమియు లేదన్నారు గదా, మఱి పిల్లవాడు కలము పట్టుకొనలేకున్నాడేమి?” అని యడిగెను. రెండవమారు చేతి కిరుప్రక్కల ఇసుక సంచులు ఆనించి, కదలకుండజేసి పటము తీయగా, వెండ్రుకవంటి బీట యొకటి తెల్లముగా కనబడెను. ఆ బీట మొదటి దినముననే యున్నది. మసక దానిని కప్పివేసినది.

ఈ సంగతిని మనస్సునం దుంచుకొని, పై తరగతులవారికి మేము చెప్పిన పాఠ మొకదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. ఇది ఎక్సుకిరణములను గూర్చినది కాదు. న్యూట్రానులతో తీయు ఛాయాచిత్రములను గూర్చినది. రెండును నీడలే. ఒక వస్తువు నెదుట కిరణములను ప్రసరింపజేసి, వెనుక ఫిల్మునుగాని తెరనుగాని యుంచినచో, వస్తువు అడ్డగించిన చోట నీడయు, దాటనిచ్చిన చోట వెలుగును పడును. అయితే ఏ పదార్థము దేనిని అడ్డగించుననుటలో ఈ రెంటికిని గొప్ప భేదము గలదు.

ఎక్సుకిరణములు పరమాణువునందలి ఎలక్ట్రానులచే అడ్డగింపబడును. కావున ఎలక్ట్రానులు మెండుగాగల సీసమువంటి బరువైన లోహములు వానిని ఆపివేయును. నీరు, నూనె, మైనము మొదలగు తేలిక పదార్థములు సులభముగా దాటనిచ్చును. న్యూట్రానునకు విద్యుదావేశము లేదు. అది ఎలక్ట్రానులను లక్ష్యపెట్టక నేరుగా కేంద్రకమునొద్దకు పోవును. అచ్చట దానికి కలుగు అడ్డంకి ఆ కేంద్రకముయొక్క స్వభావమునుబట్టి యుండునుగాని బరువునుబట్టి యుండదు. రియాక్టరులో నీటిచే మందగింపబడిన న్యూట్రానులలో సుమారు సగము మాత్రమే రెండు మిల్లీమీటర్ల మందముగల నీటిపొరను తిన్నగా దాటిపోగలవు. సీసమునందైనచో వానిని సగమునకు తగ్గించుటకు ఇంచుమించు రెండు సెంటీమీటర్ల మందము కావలెను. నీటియందలి హైడ్రోజనే దీనికి కారణము. బోరాను, కాడ్మియము, గడోలినియము అనునవి న్యూట్రానులను మఱింత ఆత్రముతో మ్రింగివేయును. అర మిల్లీమీటరు కాడ్మియపు రేకు మందగించిన న్యూట్రానులను ఇంచుమించుగా అన్నిటిని ఆపగలదు. సీసపు డబ్బాలో పువ్వు నుంచి మూతపెట్టినను, న్యూట్రాను పటమునందు డబ్బా పలుచగను పువ్వు స్పష్టముగను కనబడుటకు ఇదియే హేతువు.

రంట్జెన్ పండితుడు ఎక్సుకిరణములను 1895లో కనుగొనెను. న్యూట్రానును చాడ్విక్ 1932లో కేంబ్రిడ్జియందు కనుగొనిన కొలది యేండ్లకే, బెర్లినులో కాల్‌మన్, కూన్ అను నిరువురు వానితో నీడచిత్రములను తీయ మొదలుపెట్టిరి. రియాక్టరులు వచ్చు వరకు తగినన్ని న్యూట్రానులు దొరకకపోవుటచే ఆ పని అంతగా సాగలేదు.

మన కిది దూరదేశపు ముచ్చటగా తోపవచ్చును. చెన్నపట్టణమునకు దక్షిణమున, సముద్రతీరమున, కల్పాక్కమను చోట ‘కామిని’ యను చిన్న రియాక్టరు కలదు. అది 1996 అక్టోబరు 29వ తేదీన పనిచేయ నారంభించెను. దాని శక్తి 30 కిలోవాట్లు మాత్రమే; థోరియమునుండి తయారైన యురేనియము-233 దాని యింధనము. న్యూట్రాను ఛాయాచిత్రములు తీయుట దాని ముఖ్యకార్యములలో నొకటి. అచ్చట పటము తీయబడు వస్తువులలో అంతరిక్ష రాకెట్లకు వాడు ప్రేలుడు ఉపకరణములును గలవు. పులికాటు సరస్సు చెంతనున్న మన శ్రీహరికోటనుండి రాకెట్టు పైకి లేచునపుడు, ఇంధనము కాలిపోయిన భాగము పై భాగమునుండి నిర్ణీత క్షణమున విడిపోవలెను. ఆ విడదీయు పనికి లోహపు తొడుగులలో ప్రేలుడుమందు కూరిన బోల్టులు, త్రాళ్లవంటి గొట్టములు వాడుదురు. మందు ఎడతెగక నిండియుండవలెను. నడుమ ఖాళీ యున్నచో మంట అచ్చటనే ఆగిపోవచ్చును; భాగము విడిపోదు; అనేకుల యేండ్ల శ్రమ సముద్రము పాలగును.

దీనిని ముందుగా పరీక్షించుట యెట్లు? ఒకసారి ప్రేల్చి చూచినచో ఆ వస్తువు మఱి పనికిరాదు. కోసి చూచినను అంతియే. ఎక్సుకిరణములకు ఉక్కు తొడుగు కనబడునుగాని, లోపలి మందు ఆ నీడలో మునిగిపోవును. మందునందు హైడ్రోజను ఉండుటవలన న్యూట్రానులకు మాత్రము తొడుగు పలుచనై మందే నల్లగా కనబడును. పరీక్షకుడు ఆ పటమును చూచి, “ఇది పంపవచ్చును”, “ఇది పంపరాదు” అని వ్రాయవలెను. మా విద్యార్థి మణికట్టువలె ఇచ్చటను మసక పటము “ఏమియు లేదు” అని చెప్పుటకు సిద్ధముగా నుండును. కావున మసక యెందుండి వచ్చునో తెలిసికొందము.

దీనిని తరగతిలో ఒక లాంతరుతో చూపితిమి. లాంతరును అట్టపెట్టెలో నుంచి, పెట్టె ముందుప్రక్క రూపాయిబిళ్లంత రంధ్రము చేసి, దానికి నూనె కాగితము అంటించితిమి. గదిని చీకటిచేసి, పది అడుగుల దూరమున గోడమీద తెల్లకాగితము పెట్టితిమి. ఒక పన్ను విరిగిన దువ్వెనను ఆ కాగితమునకు తాకించి పట్టుకొనగా ప్రతి పన్నును, విరిగిన చోటి సందును స్పష్టముగా కనబడినవి. దువ్వెనను గోడనుండి జానెడు దూరము ఇవతలకు లాగితిమి. పండ్ల నీడలు ఒకదానితో నొకటి కలిసి బూడిదరంగు పట్టీ యయ్యెను. విరిగిన పన్ను ఎచ్చటనో ఎవరును చెప్పలేకపోయిరి.

కారణ మేమన, వెలుగు ఒక్క బిందువునుండి కాక రంధ్రమంతటినుండియు వచ్చుచున్నది. రంధ్రపు కుడి యంచునుండి వచ్చు కాంతి పన్ను నీడను ఒకచోటను, ఎడమ యంచునుండి వచ్చునది మఱియొకచోటను పడవేయును. ఆ రెంటి నడుమనున్న వెడల్పే మసక. గ్రహణముల పాఠములో మనము ఉపచ్ఛాయ యని చెప్పుకొనిన దిదియే. తరువాత రంధ్రమును పెన్సిలు లావునకు తగ్గించితిమి. దువ్వెన కదలింపకుండగనే పండ్లన్నియు మరల విడివిడిగా కనబడెను! అప్పుడు ముందు వరుసలోని విద్యార్థి యొకడు, “మాస్టరుగారూ, ఇంకను చిన్నది చేసిన నీడ ఇంకను బాగుండును గదా?” అనెను. సూది బెజ్జమంత చేసి చూపితిమి. నీడ నిజముగనే బాగుండెను గాబోలు. కాని కాగితముమీద వెలుగే లేకపోవుటచే వెనుక బల్లవారి కేమియు కనబడలేదు. పుస్తకములో రెండు పుటలు చదివినదానికంటె వాని ప్రశ్నవలన తరగతి ఎక్కువ నేర్చుకొనినదని మేము తలంచితిమి.

రియాక్టరునొద్దను ఇదే లెక్క. న్యూట్రానులు బయటికి వచ్చు గొట్టమును కొలిమేటరందురు. దాని లోపలి ద్వారపు వెడల్పు 4 సెంటీమీటర్లును, ద్వారమునుండి ఫిల్మునకు దూరము 600 సెంటీమీటర్లును అనుకొందము. దూరమును వెడల్పుచే భాగింపగా 150 వచ్చును. ఈ సంఖ్యయే పటపు సూక్ష్మతకు మొదటి కొలత. వస్తువునందలి ఒక భాగము ఫిల్మునకు 3 సెంటీమీటర్ల దూరమున నున్నచో, 3ని 150చే భాగింపగా 0.02 సెంటీమీటరు, అనగా 0.2 మిల్లీమీటరు మసక కలుగును. మందులో 0.1 మిల్లీమీటరు ఖాళీ యున్నచో అది ఈ మసకలో కరిగిపోవును. వస్తువును 1 సెంటీమీటరు దూరమునకు జరిపినచో మసక మూడవవంతగును. కాని వస్తువునకు సొంత లావొకటి యుండుటవలన ఆవలి ప్రక్క భాగము ఎప్పుడును కొంత దూరముననే యుండును. ద్వారమును 2 సెంటీమీటర్లు చేసినచో మసక సగమగును. అయితే ద్వారపు వైశాల్యము నాలుగవవంతగుటచే న్యూట్రానులును నాలుగవవంతే వచ్చును. ద్వారమును మార్చక దూరమును రెట్టింపు చేసినను, దూరముయొక్క వర్గమునుబట్టి వెలుగు తగ్గుననెడు నియమముచే ఫలము అదియే. అయిదు నిమిషములలో వచ్చు పటమునకు ఇరువది నిమిషములు పట్టును.

“ఓపిక పట్టక, అయిదు నిమిషములకే తీసివేసిన నేమి?” అని యడుగవచ్చును. దీనికి వానచినుకులను చూడుడు. తొలకరి జల్లునందు మొదటి చినుకులు పడినపుడు మన బడి ముంగిటి బండపరుపుమీద ఒక బండకు ఏడు చుక్కలు, దాని ప్రక్క బండకు పదునాలుగు చుక్కలు పడును. అందుచే రెండవ బండమీద వాన ఎక్కువ కురిసినదని చెప్పుదుమా? కొంతసేపు కురిసిన తరువాత అన్ని బండలును ఒకేరీతిగా తడియును. న్యూట్రానులును చినుకులవలెనే లెక్కకు వచ్చునట్లు ఒక్కొక్కటిగా పడును. పటములోని ఒక చుక్కమీద సగటున 100 న్యూట్రానులు పడినచో, వాని సంఖ్య కేవలము యాదృచ్ఛికముగా 100కు వర్గమూలమైన 10 మేరకు హెచ్చుతగ్గులుగా నుండును. అనగా నూటికి పది. 10,000 పడినచో హెచ్చుతగ్గు 100, అనగా నూటికి ఒకటి. మందు సాంద్రతవలన ఒకచోట వెలుగు నూటికి మూడు వంతులు మాత్రమే భేదించినచో, మొదటి పటములో ఆ భేదము గరుకులో కలిసిపోవును, రెండవదానిలో కనబడును. గరుకును పదవవంతు చేయవలెనన్నచో న్యూట్రానులు నూరు రెట్లు కావలెను. చుక్కలను సన్నము చేసినంతమాత్రమున పటము సూక్ష్మమగునని కొందఱు భ్రమింతురు. చుక్క భుజమును సగము చేసినచో దాని పాలికి వచ్చు న్యూట్రానులు నాలుగవవంతగును, గరుకు రెట్టింపగును.

ఇంతవరకు చెప్పినది తిన్నగా వచ్చు న్యూట్రానుల సంగతి. అంతకంటె చిక్కైనది చెదరిన న్యూట్రానుల సంగతి. హైడ్రోజను న్యూట్రానులను మ్రింగుటకంటె ప్రక్కకు తన్నివేయుట యెక్కువ. గోలీ గోలీకి తగిలినట్లు న్యూట్రాను హైడ్రోజను కేంద్రకమునకు తగిలి దారి తప్పును. అట్లు దారి తప్పినవానిలో కొన్ని ఫిల్ముమీదనే మఱియొకచోట పడును. నీడ పడవలసిన చోట ఇవి వెలుగును నింపును. అందుచే మందు ఉన్నదానికంటె పలుచగా కనబడును. ఖాళీకిని నిండినదానికిని భేదము తగ్గిపోవును. ఇది గరుకువలె కంటికి తెలియు దోషము కాదు. పటము నున్నగా, చక్కగా నుండియే తప్పు కొలత చెప్పును. మా యభిప్రాయమున దోషములలో నెల్ల ఇదియే అపాయకరము.

దీనికి సులభమైన మందు వస్తువును తెరనుండి కొన్ని సెంటీమీటర్లు ఎడముగా నుంచుట. చెదరినవి నలుదిక్కులకు పోవునవి గనుక ఎడము పెరిగినకొలది తెరమీద పడునవి తగ్గును. కాని దువ్వెనను ఇవతలకు లాగినప్పుడేమి జరిగినదో చూచితిమి గదా! ఒక దోషమును తగ్గింపబోయి మఱియొకదానిని పెంచుకొందుము. ముందుగా దూరమునకును ద్వారమునకును గల నిష్పత్తిని పెంచుకొనినవానికే ఈ ఎడము ఇచ్చుటకు వీలగును. అందుకు వాడు కాలమును వ్యయపెట్టవలెను. గది గోడలనుండి తిరిగి వచ్చు న్యూట్రానులను ఆపుటకు ఫిల్ము పెట్టె వెనుక కాడ్మియముగాని బోరానుగల పలకగాని యుంతురు. స్విట్జర్లాండునందలి పాల్ షెరర్ సంస్థవారు 2018లో మఱియొక పద్ధతిని వివరించిరి. న్యూట్రానులను పూర్తిగా మ్రింగు చిన్న చిన్న తునకలను వరుసలుగా అమర్చిన చట్రమును వస్తువునకు ముందు నిలుపుదురు. ఆ తునకల నీడలో వెలుగు బొత్తిగా ఉండరాదు. ఉన్నయెడల అది చెదరి వచ్చినదే. ఆ వెలుగును తునక తునక క్రిందను కొలిచి, నడుమ భాగములకు అంచనావేసి, పటమంతటినుండియు తీసివేయుదురు. దొంగసొమ్మును కనిపెట్టుటకు ఇంత తేట యుక్తి మేము మఱియొకటి చదువలేదు.

రియాక్టరునుండి న్యూట్రానులతోపాటు గామాకిరణములును వచ్చును. ఇవి ఫిల్మును అనవసరముగా నల్లబరచును. గొట్టములో బిస్మతు స్ఫటికము నుంచినచో న్యూట్రానులను చాలవరకు దాటనిచ్చి గామాకిరణములను తగ్గించును. అయితే పరీక్షింపవలసిన వస్తువే గామాకిరణములను వెదజల్లునదైనచో? రియాక్టరులో వాడిన యింధనపు కడ్డీలు అట్టివి. వానిచెంత ఫిల్ము నుంచినచో న్యూట్రానులతో పనిలేకయే నల్లబడిపోవును. దీనికి కనిపెట్టిన యుపాయము చాల ముచ్చటైనది. కడ్డీ వెనుక ఫిల్ము నుంచనేయుంచరు. డిస్ప్రోసియమను లోహపు రేకు నుంతురు. న్యూట్రానులు పడినచోట్ల ఆ రేకు రేడియోధార్మిక మగును; గామాకిరణములు దాని నేమియు చేయవు. పిమ్మట రేకును చీకటిగదిలోనికి తీసికొనిపోయి ఫిల్మునకు హత్తించి యుంచుదురు. దాని అర్ధజీవితకాలము సుమారు 2 గంటల 20 నిమిషములు గనుక, ఏడు గంటలలో రేకునందలి చురుకు ఎనిమిదవవంతునకు దిగును; ఆలోపల నీడ రేకునుండి ఫిల్మునకు దిగును.

మామూలు వస్తువులకు ఇంత శ్రమ అక్కరలేదు. ఫిల్మునకు న్యూట్రానులు నేరుగా తెలియవు గనుక సన్నని గడోలినియపు రేకును దానికి ఆనించి యుంతురు. రేకు న్యూట్రానును మ్రింగి ఎలక్ట్రానును విడుచును. అది ఫిల్మును నల్లబరచును. ఇప్పుడు అనేకచోట్ల ఫిల్మునకు బదులు లిథియము-6, గంధకిత జింకు కలిపి పూసిన తెరను వాడుచున్నారు. న్యూట్రాను పడినచోట తెర మినుకుమనును. తెర యెదుట వాలుగా నిలిపిన అద్దము ఆ వెలుగును ప్రక్కకు త్రిప్పగా, కిరణముల దారికి ఎడముగానున్న చల్లబరచిన కెమెరా పటము తీయును. పూత మందమైనకొలది వెలుగు హెచ్చును, మసకయు హెచ్చును. పలుచనైనచో సూక్ష్మత కలుగును, కాలము పట్టును. లాంతరు రంధ్రము కథయే ఇచ్చటను.

కెమెరా పటమును ఉన్నదున్నట్లు నమ్మరాదు. కెమెరా తలుపు మూసి ఒక చీకటి పటమును, వస్తువు లేకుండ ఒక వట్టి వెలుగు పటమును తీయవలెను. వస్తువు పటమునుండి చీకటిని తీసివేసి, వట్టి వెలుగునుండియు చీకటిని తీసివేసి, మొదటిదానిని రెండవదానిచే భాగింపవలెను. తెరమీది గీతలు, కిరణపుంజము నడుమ హెచ్చుగను అంచున తక్కువగను ఉండుట మొదలగు దోషములు దీనిచే పోవును. కెమెరాకే గామాకిరణములు తగులుటచే కలుగు తెల్లచుక్కలు ప్రతి పటములోను వేఱు వేఱు చోట్ల పడును. అయిదాఱు పటములు తీసి, చుక్క చుక్కకు నడిమి విలువను గైకొనినచో అవి మాయమగును.

కంప్యూటరుతో అంచులను పదునుపెట్టుటయు కలదు. దీనిని గూర్చి మాకు కొంత జంకు. ఆ లెక్క అంచు కిరుప్రక్కల ఒక తెల్లని గీతను, ఒక నల్లని గీతను కల్పించును. కంటికి పటము కళగా కనబడును. కాని మందునకును తొడుగునకును నడుమ కల్పితమైన తెల్లగీతను ఖాళీ యని భ్రమించి మంచి బోల్టును పారవేయవచ్చును. లేదా నిజమైన ఖాళీని కల్పిత గీత యనుకొని పంపివేయవచ్చును. పదునుపెట్టిన పటము ప్రక్కన పెట్టని పటమునుకూడ ఉంచుకొని చూచుట క్షేమము.

ఇన్ని యుపాయములు చేసినపిమ్మట పటము బాగుగ వచ్చినదో లేదో తెలియుట యెట్లు? వస్తువును చూచి చెప్పరాదు, దానిలో నేమున్నదో మనకు తెలియదు గదా. కావున తెలిసిన వస్తువును దాని ప్రక్కనే యుంచి, ఒకే ఫిల్ముమీద రెంటిని పట్టుదురు. టెఫ్లాను దిమ్మలో బోరాను నైట్రైడు బిళ్లలు, సీసపు బిళ్లలు, కాడ్మియపు తీగలు పొదిగినది యొకటి; దీని నీడలను కొలిచినచో గామాకిరణములు, చెదరిన న్యూట్రానులు ఎంతవరకు కలిసినవో, తీగ యంచు ఎంత పదునుగా వచ్చినదో తెలియును. మెట్లుమెట్లుగా నుండు ప్లాస్టిక్కు పలకలలో సన్నని రంధ్రములు, సందులు చేసినది మఱియొకటి. అందు ఎంత సన్నని రంధ్రము కనబడునో అంతవరకే ఆ పటమును నమ్మవచ్చును. పరీక్షపలక లేని పటమును నేర్పరియైన పరీక్షకుడు త్రిప్పి పంపివేయును.

మా లాంతరు పాఠమునకు ఆ పన్ను విరిగిన దువ్వెనయే పరీక్షపలక. సందు ఎచ్చటనున్నదో మాకు ముందే తెలియును గనుక, నీడలో అది కనబడనప్పుడు తప్పు దువ్వెనది కాదని తెలిసికొంటిమి. అది ఇప్పటికిని విజ్ఞానశాస్త్రపు గదిలో, బల్ల సొరుగునం దున్నది. లాంతరు, అట్ట, కొలబద్ద తెచ్చుకొను విద్యార్థులు అడిగి తీసికొని, రంధ్రపు వెడల్పును దూరములను మార్చుచు మసకను కొలిచి, పై లెక్కతో సరిపోవునో లేదో వ్రాసి మాకు చూపవచ్చును.